పేదవాని అర్జీకి పునర్విచారణము



న్యాయస్థానపు తలుపు ధనికునకును దరిద్రునకును సమానముగనే తెఱచియుండునని మనము వినుచుందుము. తెఱచియుండుట నిజమే. కాని గడప దాటుటకు కోర్టు ఫీజు స్టాంపు వలయును. దాటిన పిమ్మట వకీలు వలయును. సాక్షులకు బత్తెము వలయును. ఈ మూటికిని ధనము వలయును. ధనము లేనివానికి ప్రభుత్వమే వకీలును ఏర్పఱచి ఖర్చులను తానే భరించుటకు న్యాయసహాయమని పేరు.

ఈ సహాయములోని యొక చిన్న భాగమును మాత్రమే నేను నేడు తీసికొనుచున్నాను. సహాయము కోరి అర్జీ పెట్టుకొన్న పేదవానితో 'నీకు ఈయము' అని యొక యధికారి చెప్పినచో, ఆ మాట సరియైనదో కాదో మఱియొకరు చూడవలయునా, వలదా? చూడవలసినచో ఆ చూచువాడు ఎవడై యుండవలయును? ప్రశ్న చిన్నదిగ నున్నను, దీనికి జవాబు దొరకుటకు లోకమునకు దాదాపు అయిదువందల యేండ్లు పట్టినది. ఆ కథయే నేటి నా ప్రసంగము.

ఒకసారి చూచిన వ్యవహారమును తిరిగి చూచుట మన పెద్దలకు తెలియనిది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమునందు తీర్పు చెప్పు స్థానములు నాలుగు చెప్పబడినవి. రాజు నియమించిన సభ్యులు, ఒక చోట నివసించు నానాజాతులవారి కూటమియైన పూగము, ఒకే వృత్తివారి కూటమియైన శ్రేణి, బంధువుల కూటమియైన కులము. వీనిలో ముందు చెప్పినది వెనుక చెప్పినదానికన్న బలవత్తరమని స్మృతికారుని నిర్ణయము. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణమునందు మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు దీనిని విప్పి చెప్పుచు, కులమువారి తీర్పుతో తృప్తి పొందనివాడు శ్రేణికిని, అటనుండి పూగమునకును, అటనుండి రాజసభకును పోవచ్చునని వ్రాసెను. ఈ శాస్త్రమును పదుమూడవ శతాబ్దమున తిక్కనగారి కాలమువాడైన కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు చేసినాడు. కనుక ఈ విషయము సంస్కృతము రాని తెలుగువారికిని నాడే అందినది.

ఆ స్మృతియే మఱియొక మాటయు చెప్పుచున్నది. అన్యాయముగ తేల్చబడిన వ్యవహారమును రాజు తిరిగి చూచి, తప్పు తీర్పు చెప్పిన సభ్యులకును, దానివలన గెలిచినవానికిని వివాదధనమునకు రెట్టింపు దండము విధింపవలెనట. ఇందు రెండు సూత్రములు కలవు. తిరిగి చూచువాడు మొదట చూచినవాడు కారాదు. మొదట చూచినవాడు తన మాటకు తాను జవాబుదారి కావలెను. అయితే ఈ ఏర్పాటంతయు వ్యవహారము సభలోనికి వచ్చిన తరువాతి సంగతి. గడపవద్దనే 'లోనికి రావలదు' అనిపించుకొన్నవాని కొఱకు ప్రత్యేకముగ నియమము చేయుట తరువాతి కాలములవారి పని యైనది.

ఇంగ్లండు దేశమున ఏడవ హెన్రీ రాజు కాలమున, 1495లో, పేదవారి వ్యాజ్యములకై యొక శాసనము చేయబడినది. నిరుపేద వాదికి కోర్టు పత్రములు రుసుము లేకయే యిచ్చి, వకీలును కూలి లేకయే ఏర్పఱపవలెనని దాని సారాంశము. ఒంటిమీది బట్టలు తప్ప తనకు అయిదు పౌనుల విలువ చేయు సొత్తు లేదని అర్జీదారుడు ప్రమాణము చేయుట ఆచారమైనది. ఏర్పాటు దయతో కూడినదే. కాని ఇచ్చుటయు మానుటయు న్యాయాధికారి విచక్షణకే వదలబడినది. ప్రతివాదియైన పేదవానికి ఆ శాసనమునందు చోటు లేదు. కాదనిపించుకొన్నవాడు ఏమి చేయవలెనో చెప్పు మాట యొక్కటియు అందు లేదు.

అంతియే కాదు. బ్లాక్‌స్టోను అను ధర్మశాస్త్రవేత్త 1768లో ప్రకటించిన తన గ్రంథము మూడవ సంపుటమున ఒక పూర్వాచారమును పేర్కొనినాడు. ఇట్టి పేదవాడు వ్యాజ్యమున ఓడినచో ప్రతిపక్షి ఖర్చులు చెల్లించుటయో, కొరడాదెబ్బలు తినుటయో యేదో యొకటి కోరుకొనవలసియుండెనట. తన కాలమునకు ఆ యాచారము పోయినదని ఆయనయే చెప్పినాడు. దీనినిబట్టి యొక సంగతి తెలియుచున్నది. సహాయము భిక్షగ నున్నంతకాలము, పెట్టని భిక్షను గూర్చి ఫిర్యాదు చేయు హక్కు ఎవనికిని ఉండదు. పైగా భిక్ష పుచ్చుకొన్నవాడు వీపు చూపవలసియు వచ్చును.

మన దేశమునకు ఈ పద్ధతి సివిలు ప్రొసీజరు కోడుతో వచ్చినది. 1859 నాటి కోడునందును, పిమ్మట 1908 నాటి కోడు ముప్పదిమూడవ ఆర్డరునందును నిరుపేదల దావాలకు నియమములు చేయబడినవి. పాపరు దావా యను మాట మీలో పెద్దవారందఱును వినినదే. ఫీజు చెల్లించు స్తోమతు లేనివాడు అట్లని అర్జీ పెట్టుకొనవలెను. తన ఆస్తి జాబితాను జతపఱుపవలెను. ప్రతివాదికిని గవర్నమెంటు ప్లీడరుకును నోటీసు పోవలెను. వా రిరువురును ఇతడు పేదవాడు కాడని సాక్ష్యమీయవచ్చును. ప్రతివాదికి దావాయే రాకుండుట లాభము. ప్రభుత్వమునకు ఫీజు పోకుండుట లాభము. ఇట్లు పేదవాడు తన పేదరికమును ఋజువు చేయుటకే యిద్దఱితో పోరాడవలసివచ్చుచుండెను.

అర్జీ కొట్టివేయబడినచో అదే హక్కునకై మఱల పాపరు అర్జీ పెట్టుటకు వీలు లేదు. ఫీజు కట్టి మామూలు దావా వేసికొమ్మని కోడు చెప్పుచున్నది. కట్టగలిగినవాడైనచో పాపరు అర్జీ యేల పెట్టును? 1908 నాటి కోడునందు అప్పీలు చేసికొనదగిన ఉత్తరువుల పట్టికయొకటి కలదు. అందు ఈ నిరాకరణ చేరలేదు. హైకోర్టునకు రివిజను పెట్టుకొనుట యొక్కటియే దారి. ఆ రివిజనులో హైకోర్టు క్రింది కోర్టు తన అధికారపరిధిని మీఱినదా, అధికారమును వినియోగించుటలో అక్రమముగ వర్తించినదా అని చూచునేకాని, ఇతడు నిజముగ పేదవాడా కాదా యని మొదటినుండి తూచి చూడదు. మన సర్కారు జిల్లాలకును సీమకును 1954లో గుంటూరున హైకోర్టు ఏర్పడువఱకు మద్రాసే దిక్కు. శ్రీకాకుళపు మారుమూలనుండి మద్రాసునకు రైలుచార్జి పెట్టుకొని పోగలిగినవాడు తాను నిరుపేదనని చెప్పినచో నమ్ముట యెట్లు? నమ్మించవలెనన్న పోక తప్పదు, పోయినచో నమ్మరు.

ఈ చిక్కు తీఱుటకు 1976 సంవత్సరపు సవరణచట్టము రావలసివచ్చినది. అది 1977 ఫిబ్రవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పాపరు అను చిన్నచూపు మాట కోడునుండి తొలగి, నిర్ధనుడను అర్థము గల మాట వచ్చినది. నిర్ధనునకు వకీలు లేనియెడల కోర్టే వకీలును ఏర్పఱుపవచ్చునను నియమము చేరినది. పేద ప్రతివాదికిని చోటు దొరకినది. అన్నింటికంటె ముఖ్యముగ, అనుమతి నిరాకరించిన ఉత్తరువు అప్పీలు పట్టికలోనికి ఎక్కినది. మునసబు కోర్టు కాదన్నచో పైకోర్టు సాక్ష్యమును తిరిగి తూచి చూడవచ్చును. అందుకు హైకోర్టు దాక పోనక్కఱలేదు. చట్టపుస్తకమున ఇది యొక్క పంక్తి మాత్రమే. కాని ఆ పంక్తి కొఱకు మన పేదవాడు 1908నుండి లెక్కించినను అఱువది యెనిమిదేండ్లు నిరీక్షించినాడు.

ఇక ఇంగ్లండు సంగతి. రెండవ ప్రపంచయుద్ధము ముగియుచున్న దినములలో రష్‌క్లిఫ్ ప్రభువు అధ్యక్షతను ఒక సంఘము కూర్చుండి 1945లో నివేదిక సమర్పించెను. దాని ఫలితముగ 1949లో న్యాయసహాయచట్టము వచ్చి, 1950లో పని ప్రారంభించెను. అర్జీదారుని ఆర్థికస్థితిని ఒక బోర్డు చూచును. వ్యాజ్యమున పస యున్నదో లేదో వకీళ్ల స్థానికసంఘము చూచును. స్థానికసంఘము కాదన్నచో ప్రాంతీయసంఘమునకు అప్పీలు కలదు. మొదటిసారిగ ఆ దేశమున 'లేదు' అను మాటపైన ఒక మెట్టు కట్టబడినది. పై మెట్టుమీద కూర్చున్నవారును వకీళ్లే. అయినను వారు మొదట కాదన్నవారు కారు.

తరువాత ఈ పని వకీళ్ల సంఘము చేతినుండి బోర్డునకును, కమిషనుకును, 2013నుండి ప్రభుత్వశాఖయొక్క ఏజెన్సీకిని మాఱినది. డబ్బుసంచి పట్టుకొన్న ప్రభుత్వమే అర్జీలు తేల్చుచుండగా స్వతంత్రత యేమగునను భయము సహజముగ కలిగెను. కనుకనే 2012 నాటి చట్టమునందు, మంత్రి సామాన్యసూచనలు చేయవచ్చునేకాని ఫలానివాని అర్జీని గూర్చి ఆజ్ఞ చేయరాదని వ్రాసిరి. నిరాకరింపబడిన సివిలు అర్జీలపై, ఏజెన్సీ ఉద్యోగులు కాని వకీళ్లు స్వతంత్రనిర్ణేతలుగ అప్పీళ్లు విందురు. అయితే చట్టపరిధిలోనికి రాని కేసులకు విశేషముగ ఈయదగిన సహాయమును ఈ అప్పీలునుండి మినహాయించిరి. అచట ఆ ఏజెన్సీయే తన నిర్ణయమును తాను మఱల చూచుకొనును. ఆ విశేషసహాయము విషయమున మంత్రి యిచ్చిన మార్గదర్శకము మితిమీఱి కఠినముగ నున్నదని 2014లో అచటి అప్పీలుకోర్టు తప్పుపట్టవలసివచ్చెను. తిరిగి చూచు కన్ను లేనిచోటనే తప్పు పెరిగెనని నేను దీనిని చదువుకొనుచున్నాను.

తిరిగి చూచుట యేల వలయునో కన్నులకు కట్టినట్లు చూపు కథ స్కాట్లండు దేశమున జరిగినది. గ్రేంజరు అను నతనికి అబద్ధసాక్ష్యపు నేరముపై 1985లో అయిదేండ్ల ఖైదు పడెను. అతడు అప్పీలు చేసికొని, వాదించుటకు వకీలు కావలెనని న్యాయసహాయసంఘమును వేడుకొనెను. అప్పీలునకు తగిన ఆధారములు లేవని సంఘము నిరాకరించెను. విచారణనాడు ప్రభుత్వపక్షమున సొలిసిటరు జనరలే నిలిచి వాదించెను. ఇవతల గ్రేంజరు ఒంటరిగ నిలిచి, తన కొఱకు ఒక వకీలు వ్రాసియిచ్చిన కాగితమును చేతబట్టి చదివెను. చదువుచున్నదాని యర్థము చదువువానికే తెలియదు. నడుమ ఒక యంశము న్యాయమూర్తులకే చిక్కుగ తోచి, సాక్ష్యపు ప్రతిని తెప్పించుటకై వారు విచారణను వాయిదా వేసిరి. న్యాయమూర్తులే ఆగి ఆలోచింపవలసిన విషయమును ఆ ఖైదీ ఒంటరిగ ఎట్లు వాదింపగలడు? అయినను సహాయపు నిరాకరణను తిరిగి చూచు మార్గము అచట లేకపోయెను. అప్పీలు పోయెను.

అతడు ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు పోయెను. అది ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గు పట్టణమున నున్నది. ఆ న్యాయస్థానము 1979లోనే ఐర్లండు దేశపు ఎయిరీ అను స్త్రీ విషయమున, హక్కు కాగితముమీద నున్న చాలదు, చేతికి అందవలెనని తీర్పు చెప్పియుండెను. ఆమె భర్తనుండి న్యాయవిభాగము కోరినది. కోర్టు తెఱచియే యున్నది. వకీలునకు ఈయ ధనము మాత్రము లేదు. గ్రేంజరు విషయమున 1990 మార్చి 28న వచ్చిన తీర్పు ఇంకొక మెట్టు పైకి పోయెను. విషయము చిక్కైనదని తేలిన పిమ్మటనైనను ఆ నిరాకరణను పునరాలోచించుటకు ఏదో యొక మార్గము ఉండవలసినదనియు, అది లేనందున అతనికి అన్యాయము జరిగినదనియు అది తేల్చెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే స్కాట్లండు ప్రధానన్యాయమూర్తి, ఇట్టి సందర్భమున అప్పీలుకోర్టు విచారణను ఆపి, నిరాకరణను పునఃపరిశీలింపుడని సిఫారసు చేయవలెనని నియమము చేసెను. అదియు పూర్తిగ చాలలేదు. 1994లో అదే దేశమునుండి వచ్చిన రెండు కేసులలో, సహాయము లేక అప్పీలులో ఒంటరిగ నిలిచిన ఖైదీలకు అన్యాయము జరిగినదని ఆ న్యాయస్థానము మఱల చెప్పవలసివచ్చెను.

ఇంకను రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో విషయము మఱింత స్పష్టమగును. బెల్జియము దేశమున మతి చలించి నిర్బంధమున నున్న ఏర్ట్స్ అను నతడు అత్యున్నతన్యాయస్థానమునకు అప్పీలు చేసికొనదలచెను. అచట వకీలు లేకుండ అట్టి అప్పీలు వేయుటకే వీలు లేదు. అప్పీలు గెలిచెడి సూచన లేదని సహాయపుబోర్డు నిరాకరించెను. గెలుపోటములు తేల్చుట బోర్డు పని కాదనియు, ఆ నిరాకరణ అతని హక్కును మూలముననే త్రుంచివేసినదనియు స్ట్రాస్‌బర్గు న్యాయస్థానము 1998లో చెప్పెను.

ఫ్రాన్సులోను అట్లే ఒక స్త్రీకి సహాయము నిరాకరింపబడెను. ఆమె ఫిర్యాదుపై 2002లో వచ్చిన తీర్పు వేఱు. అచటి సహాయకార్యాలయమునకు న్యాయమూర్తి అధ్యక్షుడు. సభ్యులలో ప్రభుత్వోద్యోగులు, వకీళ్లు, సామాన్యజనపక్షమువారు కూడ కలరు. వారు కాదన్నను ఆ న్యాయస్థానపు ప్రథమాధ్యక్షునకు అప్పీలు కలదు. ఇన్ని కట్టుబాట్లున్నవి గనుకను, ఆమె వ్యాజ్యమును క్రింది రెండు న్యాయస్థానములు వినియున్నవి గనుకను అన్యాయము జరుగలేదని తేల్చిరి. ఆమెకు సహాయము దొరకలేదు; అయినను నిరాకరణ నిలిచినది. ఇద్దఱికిని చెప్పబడినది కాదనియే. ఒక 'కాదు' కూలినది, ఒక 'కాదు' నిలిచినది. ఎట్లు చెప్పిరి, ఎవరు తిరిగి చూచిరి అనుటలోనే ఎక్కువ భేదమున్నది.

ఇక నేటి మన స్థితి. 1976లో మన రాజ్యాంగమున 39ఎ అధికరణము చేరి, ధనాభావముచేత ఎవ్వనికిని న్యాయము తప్పిపోరాదని శాసించినది. 1978, 1979 సంవత్సరములలో సుప్రీముకోర్టు హోస్కాటు, హుస్సేనారా ఖాతూను కేసులలో పేద ముద్దాయికి ఉచితముగ వకీలును ఈయవలసినది రాజ్యమేనని చెప్పినది. 1986లో సుక్‌దాసు కేసులో, తెలియక అడుగలేదని ఆ హక్కు పోదనియు చెప్పినది. 1987లో న్యాయసేవాధికారసంస్థల చట్టము పుట్టి, 1995 నవంబరు 9న అమలునకు వచ్చినది. స్త్రీలు, బాలురు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, వికలాంగులు, నిర్బంధమున నున్నవారు మొదలగువారికి ఆదాయముతో నిమిత్తము లేదు. తక్కినవారికి ఆదాయపరిమితి కలదు. ఆదాయమును గూర్చి ప్రమాణపత్రము చాలును. అయితే వ్యాజ్యమున పైచూపునకైనను బలమున్నదని సంస్థ తృప్తి పడవలెను.

కాదన్నచో ఏమి? 2010 నాటి నిబంధనలు దీనికి జవాబు చెప్పుచున్నవి. నిర్ణయముతో తృప్తి లేనివాడు ఆ సంస్థ అధ్యక్షునకు, రాష్ట్రసంస్థయైనచో కార్యనిర్వాహకాధ్యక్షునకు, అప్పీలు చేసికొనవచ్చును. జిల్లాసంస్థకు జిల్లా జడ్జిగారే అధ్యక్షులు. ఆయన తీర్పు ఆ సంస్థవఱకు తుదిమాట. దానిపైన రాజ్యాంగము హైకోర్టునకిచ్చిన రిట్టు అధికారము ఎట్లును కలదు. ఈ ఏర్పాటు మంచిదే. అయినను నా మనసులోని మాట చెప్పెదను. అప్పీలు వినువారు న్యాయమూర్తులగుట బలము. కాదన్న సంస్థకే వారు పెద్దలగుట కొఱత. ఆ సంస్థ నిధి బాధ్యతయు వారిపై నున్నది. సంస్థకు వెలుపలివాడొకడు చూచుట యింకను మేలు.

'ప్రభుత్వధనము చెఱువునీరా? ప్రతి కయ్యమునకును తోడిపోయుట తగునా?' అని మీలో కొందఱు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పసలేని వ్యాజ్యము వేయువాడు తన యెదుటివానిని కోర్టుల చుట్టు త్రిప్పును. ఆ యెదుటివాడును తఱచుగ పేదవాడే. కనుక గడపవద్ద కావలి యుండవలసినదే. నేను కావలి వలదనుట లేదు. కావలివాని మాట తుదిమాట కారాదనుచున్నాను. పొలమునకు కట్టిన నీరు తనకు రాలేదని రైతు మొఱపెట్టినచో, ఆ మొఱను నీరు వదలినవాడే విని తేల్చుటకు మన గ్రామమున ఎవ్వరైన ఒప్పుకొందురా?

ఒక చిన్న అనుభవము. నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో ఊరివారికి అర్జీలు వ్రాసిపెట్టుచుండెడివాడను. ఒక వితంతువు పెట్టిన సహాయపు అర్జీ 'అర్హత లేదు' అను రెండు మాటలతో తిరిగివచ్చినది. స్త్రీయగుటచేతనే ఆమెకు అర్హత కలదు. మఱి ఏది లేదు? కారణము తెలియనిదే అప్పీలు ఎట్లు వ్రాయవలెను? కారణము వ్రాతమూలకముగ తెలుపుడని మొదట కోరితిమి. భూమి దస్తావేజు నకలు జతపడలేదని జవాబు వచ్చెను. నకలు పంపితిమి, వకీలు దొరకెను. అడుగకున్నచో ఆ రెండు మాటలే ఆమె వ్యాజ్యమునకు తుది తీర్పు అయ్యెడివి.

కనుక గ్రామపెద్దలైన మీకు నా మనవి యిది. అర్జీ ఇచ్చిన దినమున రసీదు తీసికొనుమని పేదవారికి చెప్పుడు. వారము దినములలో నిర్ణయము చేయవలెనని నిబంధన యున్నదని చెప్పుడు. కాదన్నచో కారణము వ్రాతలో నడుగుమనుడు. ఆ కారణమునకు సూటిగ జవాబు వ్రాసి, ఆలసింపక అధ్యక్షునకు అప్పీలు పంపింపుడు. మండలకేంద్రమునందలి న్యాయసేవాసంఘమును అడుగవచ్చును. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసినను దారి చెప్పుదురు. చదువురానివానికి ఈ నాలుగు పంక్తులు వ్రాసిపెట్టుట ఒక పూటలో తెమలెడి పని. వానికి అది యొక యెకరము నిలుచుటయో పోవుటయో కావచ్చును.

సహాయము అడుగు హక్కును చట్టము 1495లోనే గుర్తించినది. కాదన్నప్పుడు మఱల అడుగు హక్కు మన కాలమున గాని పూర్తిగ చేతికి రాలేదు. చేతికి వచ్చినదానిని వాడుకలో నుంచుట మన పని. సెలవు.